రెండు ప్యాకెట్లకు ఒక్క అక్షరం తక్కువ

రేడియో మాస్టారికి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. నేను ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. ఈమధ్యే హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్స్ వచ్చింది. మా బాబాయి వాడిన హెచ్‌పీ 48జీఎక్స్ కాలిక్యులేటర్ ఇప్పుడు నా దగ్గరుంది. ఒక పాత టీఎన్‌సీ (రేడియోకి, టెర్మినల్‌కి మధ్య ఉండే పెట్టె) కూడా దొరికింది. ఈ కాలిక్యులేటర్‌ను ప్యాకెట్ రేడియోకి, అంటే రాతని చిన్న మూటలుగా కట్టి రేడియో మీద పంపే పద్ధతికి, టెర్మినల్‌గా పెట్టుకోవచ్చని విన్నాను, నిజమేనా? ల్యాప్‌టాప్ ఉండగా ఈ తంటా ఎందుకని ఫ్రెండ్స్ అంటున్నారు. వాళ్లకి ఏం చెప్పాలో తోచడం లేదు.

జవాబు: నిజమే బాబూ. నేను పెట్టుకున్నాను, ఇప్పటికీ తీసి వాడుతుంటాను. నీ ఉత్తరం చదవగానే బీరువాలోంచి నా 48జీఎక్స్ తీసి బ్యాటరీలు వేసి, పక్కన పెట్టుకుని ఈ జవాబు రాస్తున్నాను.

ముందు ఒక విషయం స్పష్టం చేసుకుందాం. ప్యాకెట్ రేడియోలో కష్టమైన పనంతా చేసేది టీఎన్‌సీ. నువ్వు టైపు చేసిన అక్షరాలను ప్యాకెట్‌గా కట్టేది అదే, కాల్‌సైన్‌లు (స్టేషన్ల గుర్తింపు పేర్లు) తగిలించేది అదే, తప్పులు పట్టే 16 బిట్ల మొత్తం లెక్కేసేది అదే, 1200, 2200 హెర్ట్జ్ స్వరాలుగా మార్చి రేడియోకి పంపేది అదే. అవతలి స్టేషన్ నుంచి ‘అందింది’ అని కబురు రాకపోతే మళ్లీ పంపేదీ అదే. ఈ నియమాలన్నిటికీ కలిపి ఏఎక్స్.25 అని పేరు. అందులో 2.0 వెర్షన్ 1984లో వచ్చింది. ఇక టెర్మినల్‌కి మిగిలిన పని రెండే: నొక్కిన అక్షరాన్ని టీఎన్‌సీకి అందించడం, టీఎన్‌సీ ఇచ్చిన అక్షరాన్ని తెర మీద చూపించడం. ఆ రెండు పనులకి సీరియల్ పోర్ట్, తెర, మీటలు ఉంటే చాలు. 48జీఎక్స్‌లో మూడూ ఉన్నాయి. నాలుగు పిన్నుల సీరియల్ పోర్ట్ పైఅంచున ఉంటుంది. వేగం 1200, 2400, 4800, 9600 బాడ్‌లలో (సెకనుకి ఇన్ని బిట్లు) ఏదైనా ఎంచుకోవచ్చు.

కాలం కూడా చూడు. మాంట్రియల్‌లో హామ్‌లు తొలి ప్యాకెట్లు గాలిలోకి వదిలింది 1978 మే 31న. అమెరికాలోని టక్సన్‌లో 1982లో మొదలైన టాపర్ అనే హామ్‌ల సంఘం 1985లో టీఎన్‌సీ-2 తెచ్చింది. ప్యాకెట్ రేడియో ఇంటింటికీ పాకిన ఆ రోజుల్లో టీఎన్‌సీ ముందు కూర్చున్నవి ఏమంత పెద్ద యంత్రాలు కావు. టీవీకి తగిలించుకునే ఇంటి కంప్యూటర్లు, నాలుగు పెన్ సెల్స్‌తో నడిచే టాండీ మోడల్ 100 లాంటివి. మోడల్ 100 తెర మీద వరుసకి 40 అక్షరాలు, 8 వరుసలు. నీ కాలిక్యులేటర్ తెర 131 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు. మామూలు అక్షరాలైతే వరుసకి 22 పడతాయి, చిన్న అక్షరాలైతే 33. మోడల్ 100తో పోలిస్తే ఇది ఒక మెట్టు కింద, అంతే. అంటే నువ్వు చేయబోయేది వింత ప్రయోగం కాదు. ఆ యంత్రాలు చేసిన పనే ఇదీ చేస్తుంది.

ఇప్పుడు నా మొదటి సాయంత్రం సంగతి చెప్తాను. నువ్వు తప్పకుండా అదే గోతిలో పడతావు కాబట్టి.

కేబుల్ కలిపాను. రెండు వైపులా 9600 బాడ్ పెట్టాను. టీఎన్‌సీ ఆన్ చేశాను. అది లేవగానే ‘సీఎమ్‌డీ’ అనే మూడక్షరాలు, పక్కన కోలన్ చూపించాలి. ఆదేశాలకి సిద్ధంగా ఉన్నానని దానర్థం. నా తెర మీద మొదటి సి సరిగ్గా వచ్చింది. ఎమ్ ఉండాల్సిన చోట నెత్తిన వాలు గీత ఉన్న ఐ వచ్చింది. డి ఉండాల్సిన చోట రెండు చుక్కలున్న ఏ. కోలన్ మళ్లీ సరిగ్గా. కేబుల్ లూజుగా ఉందనుకుని గంటసేపు పిన్నులు గుచ్చాను. బాడ్ తప్పనుకుని నాలుగూ మార్చి చూశాను. మిగతా మూడింటిలో పూర్తి చెత్త వచ్చింది, 9600లో మాత్రమే సగం మంచి, సగం చెడు.

ఆ ‘సగం మంచి’ అన్నదే జవాబని అప్పుడు తట్టలేదు. కాగితం మీద అక్షరాల బిట్లు రాసుకున్నాక తెలిసింది. చిన్న సి అక్షరంలో ఒకట్లు నాలుగు, కోలన్‌లో నాలుగు. అవి సరి సంఖ్యలు, ఆ రెండూ బాగా వచ్చాయి. ఎమ్‌లో ఐదు, డిలో మూడు. అవి బేసి సంఖ్యలు, ఆ రెండూ పాడయ్యాయి. టీఎన్‌సీ-2 రకం పెట్టెలు ఏ మార్పూ చేయకపోతే 7 బిట్లు, సరి పారిటీతో మాట్లాడతాయి. బేసి ఒకట్లున్న అక్షరానికి ఎనిమిదో బిట్టుగా ఇంకో ఒకటి తగిలించి లెక్క సరి చేస్తాయి. నా కాలిక్యులేటర్ పారిటీ లేకుండా 8 బిట్లు చదువుతోంది. అదనంగా చేరిన ఆ బిట్టుని కూడా అక్షరంలో భాగం అనుకుని యూరప్ భాషల అక్షరాలు చూపిస్తోంది. రెండు యంత్రాలూ సరిగ్గానే ఉన్నాయి. వాటి మధ్య ఒప్పందం కుదర్చడం నా పని, అది నేను చేయలేదు.

కుదర్చడం ఇలా. కాలిక్యులేటర్‌లో ఐఓపార్ అనే జాబితా ఉంటుంది. అందులో మొదటి అంకె బాడ్, రెండోది పారిటీ. రెండో అంకె 0 ఉంటే 2 చెయ్యి, సరి పారిటీ వస్తుంది. లేదంటే టీఎన్‌సీలోనే ఏడబ్ల్యూలెన్ (అక్షరానికి ఎన్ని బిట్లు) 8, పారిటీ 0 అని ఇచ్చి, తర్వాత రీస్టార్ట్ ఆదేశం ఇవ్వు. రీస్టార్ట్ ఇవ్వకపోతే మార్పు అమల్లోకి రాదు. ఒక్క జాగ్రత్త: సరి పారిటీకి కాలిక్యులేటర్‌లో అంకె 2, టీఎన్‌సీ-2లో అంకె 3. రెండు చోట్లా ఒకే అంకె పెడితే సరిపోతుందనుకోకు.

ల్యాప్‌టాప్ ఉండగా ఎందుకని అడిగే ఫ్రెండ్స్‌కి ఈ సంగతే చెప్పు. ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ తెరిచి ఒక మెనూలో ఎంచుకుంటే అయిపోతుంది, పారిటీ అంటే ఏమిటో నీకు తెలియదు. కాలిక్యులేటర్‌లో రెండక్షరాలు పాడైతే బిట్లు లెక్కపెట్టి కారణం పట్టుకుంటావు. నాకు ఆ సాయంత్రం తర్వాత సీరియల్ పోర్ట్ అంటే టెన్షన్ పోయింది.

ఇక అసలు కష్టానికి వద్దాం. కాలిక్యులేటర్‌కి వచ్చిన అక్షరాలు, ప్రోగ్రామ్ తీసుకునేదాకా, ముందు బఫర్ అనే తాత్కాలిక చోటులో కూర్చుంటాయి. అందులో 255 అక్షరాలకే చోటు. మామూలుగా స్టేషన్లు ఒక్కో ప్యాకెట్‌లో 128 అక్షరాల దాకా నింపి పంపుతాయి. టీఎన్‌సీలో ప్యాక్‌లెన్ అనే ఆదేశానికి ముందే ఉండే విలువ అదే. రెండు నిండు ప్యాకెట్లు వస్తే 256 అక్షరాలు. చూశావా, ఒక్క అక్షరం తక్కువ! నువ్వు తల దించుకుని ఒక వాక్యం టైపు చేస్తుంటావు. కాలిక్యులేటర్ మీటల మీద అక్షరాలు ఏ, బి, సి వరుసలో ఉంటాయి కనుక పదిహేను సెకన్లయినా పడుతుంది. 1200 బాడ్ రేడియోలో నిండు ప్యాకెట్ ఒకటి రావడానికి సెకను, సెకనున్నర చాలు. నువ్వు తలెత్తేసరికి బఫర్ పొంగిపోయి ఉంటుంది. నాకు మొదట్లో వచ్చిన సందేశాల తోకలన్నీ తెగిపోయేవి. అవతలి మిత్రుడు ‘పూర్తిగా పంపాను, నీ స్టేషన్ అందిందని చెప్పింది కూడా’ అనేవాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. నా టీఎన్‌సీకి అందింది, తెరకి చేరలేదు.

దీనికి మందు ఎక్స్‌ఆన్, ఎక్స్‌ఆఫ్. ఐఓపార్‌లో మూడో అంకె 1 చేస్తే, బఫర్ నిండబోతుండగా కాలిక్యులేటర్ తనంతట తానే 19వ నంబరు అక్షరాన్ని టీఎన్‌సీకి పంపుతుంది, ఆగమని అర్థం. ఖాళీ అయ్యాక 17వ నంబరు పంపుతుంది, ఇక ఇవ్వమని అర్థం. టీఎన్‌సీ ఈ అక్షరాలను పట్టించుకోవాలంటే అందులో ఎక్స్‌ఫ్లో అనే ఆదేశం ఆన్ అయి ఉండాలి. ఆగమనే తీగలు ఈ నాలుగు పిన్నుల పోర్ట్‌లో లేవు. ఉన్నవి పంపే తీగ, అందుకునే తీగ, గ్రౌండ్, షీల్డ్, అంతే. కాబట్టి ఈ రెండు అక్షరాలే దిక్కు.

ఇది పనిచేయడం చూస్తే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. నా బఫర్ నిండుతుంది, కాలిక్యులేటర్ ఆగమంటుంది. టీఎన్‌సీ తన దగ్గర దాచుకుంటుంది. దాని మెమరీ కూడా నిండితే అది గాలిలోకి ఆర్‌ఎన్‌ఆర్ అనే చిన్న ప్యాకెట్ వదులుతుంది: ‘లైన్‌లోనే ఉన్నాను, ఇప్పుడు తీసుకోలేను’. అవతల ఎక్కడో ఉన్న స్టేషన్ పంపడం ఆపుతుంది. నా చేతిలోని చిన్న యంత్రం కాస్త ఆగమంటే, ఆ మాట రేడియో మీదుగా మైళ్ల అవతలికి చేరి అక్కడి యంత్రాన్ని ఆపుతుంది. ఎవరూ ఎవరి మీదా పడకుండా ఇంత మర్యాదగా ఏర్పాటు చేసిన వాళ్ల మీద నాకు గౌరవం.

ప్రోగ్రామ్ పెద్దదేం కాదు, నువ్వే రాసుకో. నేను రాసి ఇస్తే నీకు మిగిలేది లేదు. దారి మాత్రం చెప్తాను. ఓపెన్‌ఐఓతో పోర్ట్ తెరువు. తర్వాత మళ్లీ మళ్లీ తిరిగే ఒక చక్రం (లూప్). బఫ్‌లెన్ అడిగితే బఫర్‌లో ఎన్ని అక్షరాలున్నాయో చెప్తుంది, స్టాక్ మీద (కాలిక్యులేటర్ విలువలను ఒకదానిపై ఒకటి పేర్చే దొంతర) దాని పైన 1 గాని 0 గాని పెడుతుంది. 0 వస్తే ఏదో పోయిందని అర్థం, దాన్ని పారేయకుండా తెర మూలలో ఒక గుర్తు చూపించు. అక్షరాలుంటే ఎస్‌రెసీవ్‌తో తీసుకో. ఇక్కడ అందరూ చేసే తప్పొకటుంది. ఉన్నన్ని మాత్రమే అడగాలి. లేని అక్షరాన్ని అడిగితే కాలిక్యులేటర్ పది సెకన్లు ఎదురు చూస్తూ కూర్చుంటుంది, ప్రోగ్రామ్ చచ్చిపోయిందని నువ్వు భయపడతావు. ఆ తర్వాత మీట ఏదైనా నొక్కారా అని కీ ఆదేశంతో చూడు. నొక్కితే ఇన్‌పుట్ తెరిచి వాక్యం తీసుకుని, చివర 13వ నంబరు అక్షరం (వరుస అయిపోయిందనే గుర్తు) కలిపి ఎక్స్‌మిట్‌తో పంపు. అంతా పోతే ఎక్స్‌మిట్ 1 మాత్రమే ఇస్తుంది. పోకపోతే మిగిలిన ముక్కని, పైన 0ని ఇస్తుంది. ఆ ముక్కని స్టాక్ మీద మర్చిపోతే ఆ తర్వాత లెక్కంతా తప్పుతుంది.

టీఎన్‌సీ వైపు మూడు సర్దుబాట్లు. స్క్రీన్‌ఎల్‌ఎన్‌కి (వరుస పొడవు) 22 గాని 33 గాని ఇవ్వు, లేకపోతే 80 అక్షరాల వరుస నీ తెర దాటి పోతుంది. నువ్వు టైపు చేసింది ప్రోగ్రామే చూపిస్తుంది కాబట్టి ఎకో ఆఫ్ చెయ్యి. వరుస చివర వచ్చే 13వ అక్షరం ఈ తెర మీద చిన్న నల్ల చతురస్రంలా కనిపిస్తుంది. వరుస మార్చేది 10వ అక్షరం. కాబట్టి వచ్చిన 13ని 10గా మార్చే పని ప్రోగ్రామ్‌లో పెట్టుకో, 13 వెంట ఇంకో 10 చేర్చే ఆటోఎల్‌ఎఫ్ ఆఫ్ చెయ్యి.

అన్నిటికన్నా ముందు ఒక మీటకి 3వ నంబరు అక్షరం కేటాయించు. కంప్యూటర్ మీద కంట్రోల్-సి అంటామే, అదే. ఒకసారి అవతలి స్టేషన్‌తో లైన్ కలిశాక నువ్వు టైపు చేసిందంతా గాలిలోకి పోతుంది. టీఎన్‌సీకి ఆదేశం ఇవ్వాలంటే ముందు ఆ అక్షరం పంపి దాన్ని నీ వైపు తిప్పుకోవాలి. ఆ మీట లేక నేను ఒకసారి ‘డిస్కనెక్ట్’ అన్న మాటని మిత్రుడికి నాలుగుసార్లు పంపి, చివరికి టీఎన్‌సీ ప్లగ్ పీకాను.

ఇంత చేశాక దేనికి వాడుకుంటావు? నేనైతే ప్యాకెట్ బులెటిన్ బోర్డుల్లో, అంటే హామ్‌లు ఒకరికొకరు ఉత్తరాలు వదిలే స్టేషన్లలో, ఉత్తరాలు చదవడానికి వాడాను. ఎల్ నొక్కితే జాబితా, ఆర్‌తో పాటు నంబరిస్తే ఉత్తరం, బి అంటే సెలవు. ఒక్కో అక్షరమే ఆదేశం కావడంతో ఈ మీటల మీద హాయిగా ఉంటుంది. 48జీఎక్స్‌లో 128 కిలోబైట్ల మెమరీ ఉంది. వచ్చిన ఉత్తరాన్ని ఒక స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) దాచుకుని, రేడియో కట్టేసి, మంచం మీద పడుకుని చదువుకోవచ్చు. ఇంకోటి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. అందులోని హామ్ పరికరం ప్యాకెట్లు అందుకుని తిరిగి పంపే పనిలో ఉన్నప్పుడు 145.825 మెగాహెర్ట్జ్‌లో 1200 బాడ్ ప్యాకెట్లు వినిపిస్తాయి. టీఎన్‌సీలో మానిటర్ (వినిపించిన ప్యాకెట్లన్నీ చూపించే ఆదేశం) ఆన్ చేసి, చేతి రేడియో, టీఎన్‌సీ, కాలిక్యులేటర్ మూడూ భుజాన సంచిలో వేసుకుని డాబా ఎక్కు. కేంద్రం ఆకాశంలో ఉండేది మహా అయితే పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో నీకు తెలియని కాల్‌సైన్‌లు ఆ చిన్న తెర మీద ఒక్కొక్కటిగా దిగుతుంటే ఎలా ఉంటుందో నేను చెప్పను, చూసి నాకు రాయి.

ప్రశ్న: నా దగ్గరున్నది హెచ్‌పీ 48ఎస్‌ఎక్స్ కాలిక్యులేటర్. దానితో వచ్చిన పీసీ కేబుల్‌నే టీఎన్‌సీకి పెట్టాను. మధ్యలో 9 పిన్నుల నుంచి 25 పిన్నులకి మార్చే కన్వర్టర్ కూడా వేశాను. రెండు వైపులా సెట్టింగులు సరిచూశాను. తెర మీద ఒక్క అక్షరం కూడా రావడం లేదు. పోర్ట్ కాలిపోయిందేమోనని దిగులుగా ఉంది.

జవాబు: పోర్ట్ బాగానే ఉండి ఉంటుందమ్మా. ముందు ఆ దిగులు తీర్చుకోండి. కేబుల్ 9 పిన్నుల కొసలో 2, 3 రంధ్రాలను చిన్న తీగ ముక్కతో కలపండి. కాలిక్యులేటర్‌లో పోర్ట్ తెరిచి ఒక మాట ఎక్స్‌మిట్ చేసి, బఫ్‌లెన్ అడగండి. పంపినన్ని అక్షరాలు లెక్కలో కనిపిస్తే పంపడం, అందుకోవడం రెండూ బాగున్నట్టే.

మీ చిక్కు వేరు. ఆ కేబుల్‌ని కంప్యూటర్‌కి తగిలించడానికి చేశారు. అంటే కేబుల్ కొసన కాలిక్యులేటర్ మోడెమ్ (కంప్యూటర్‌కి తగిలించే పెట్టె) స్థానంలో ఉంటుంది. టీఎన్‌సీ కూడా మోడెమ్ స్థానంలోనే ఉంటుంది. ఇద్దరూ ఒకే తీగ మీద మాట్లాడుతున్నారు, ఇద్దరూ ఒకే తీగ మీద వింటున్నారు. కాబట్టి తీగలు అడ్డంగా మార్చాలి. మధ్యలో ఆ పని చేసే నల్ మోడెమ్ అడాప్టర్ పెడితే సరి. రెండు కొసలూ ఆడ కనెక్టర్లే కాబట్టి మగ కొసలున్నది చూసుకోవాలి.

సొంతంగా టంకం వేసుకుంటే ఒక తమాషా ఉంది. 9 పిన్నుల కనెక్టర్లో, 25 పిన్నుల కనెక్టర్లో 2, 3 నంబర్ల పనులు తారుమారుగా ఉంటాయి. అందువల్ల మీ టీఎన్‌సీది 25 పిన్నుల కనెక్టర్ అయితే 2ని 2కి, 3ని 3కి, 5ని 7కి కలిపితే చాలు. చూడటానికి నేరుగా కలిపినట్టుంటుంది, నిజానికి అడ్డంగా మార్చినట్టే. మీరు మధ్యలో వేసిన కన్వర్టర్ 2ని 3కి కలిపే రకం అయ్యుంటుంది. కంప్యూటర్‌కైతే అదే సరైనది, మీకు కాదు.

టీఎన్‌సీలో మాట్లాడే పిన్ను ఏదో అనుమానమైతే మల్టీమీటర్ పెట్టి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు, పంపే పిన్ను గ్రౌండ్‌తో పోలిస్తే మైనస్ వోల్టేజీ చూపిస్తుంది. పుస్తకం దొరకని పాత పెట్టెల దగ్గర నాకు బాగా పనికొచ్చిన కిటుకు ఇది.

కేబుల్ పొడవు మీటరు దాటనివ్వకండి. నేను మొదట మూడు మీటర్లది చేసుకున్నాను. రేడియో ప్రసారం మొదలవగానే తెర మీద పిచ్చి అక్షరాలు వచ్చేవి. కేబుల్ యాంటెన్నాలా పనిచేసింది. పొడవు తగ్గించి, రెండు కొసల దగ్గర రేడియో తరంగాలను అడ్డుకునే ఫెరైట్ పూసలు వేసి, యాంటెన్నాని బల్ల మీంచి దూరంగా జరిపాక తగ్గింది.

ప్రశ్న: నాది టీఐ-85 కాలిక్యులేటర్. దాని అడుగున చిన్న జాక్ ఉంది కదా, దాన్నే టీఎన్‌సీకి కలపొచ్చా?

జవాబు: నేరుగా కలపకండి. దయచేసి వద్దు. ఆ 2.5 మిల్లీమీటర్ల జాక్‌లో ఉన్నది రెండు డేటా తీగలు, ఒక గ్రౌండ్. రెండు తీగలూ మామూలుగా పై వోల్టేజీలో ఉంటాయి. సున్నా పంపాలంటే ఒక తీగని కిందికి లాగుతుంది, ఒకటి పంపాలంటే రెండోదాన్ని. అవతలి యంత్రం మిగిలిన తీగని లాగి ‘తీసుకున్నాను’ అని చెప్పాలి. సీరియల్ పోర్ట్ పద్ధతికి, దీనికి పోలికే లేదు. పైగా టీఎన్‌సీ తీగ మీద ప్లస్, మైనస్ పది వోల్టుల దాకా ఉండొచ్చు. అది ఆ జాక్‌లోకి వెళ్తే కాలిక్యులేటర్ పోతుంది. మధ్యలో చిన్న మైక్రోకంట్రోలర్ పెట్టి ఒక వైపు ఆ రెండు తీగల భాష, మరో వైపు సీరియల్ భాష నేర్పితే కుదురుతుంది. మంచి ప్రాజెక్టే, కానీ అప్పుడు తెలివంతా మైక్రోకంట్రోలర్‌ది.

ప్రశ్న: టీఎన్‌సీ లేకుండా కాలిక్యులేటర్ ఒక్కటే ప్యాకెట్లు తయారు చేయలేదా? నేను కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్తాను. పిల్లలకి ప్యాకెట్ లోపల ఏముంటుందో చూపించాలని కోరిక.

జవాబు: మీ కోరిక చాలా మంచిది. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

పూర్తిగా టీఎన్‌సీ లేకుండా ఈ పోర్ట్‌తో కుదరదు. సీరియల్ పోర్ట్ ప్రతి బైట్‌కీ ముందొక బిట్టు, వెనకొక బిట్టు చేర్చి పంపుతుంది. ఏఎక్స్.25లో గాలి మీద వెళ్లే ప్రవాహంలో అలాంటి ఖాళీలు ఉండకూడదు. బిట్ల వెంట బిట్లు ఆగకుండా పోవాలి, వరుసగా ఐదు ఒకట్లు వస్తే మధ్యలో ఒక సున్నా దూర్చాలి. ప్రతి బైట్‌కీ రెండు బిట్లు కలిపే పోర్ట్ నుంచి ఆ ప్రవాహం రాదు. అక్షరాలను స్వరాలుగా మార్చే మోడెమ్ కూడా కాలిక్యులేటర్‌లో లేదు.

కానీ మధ్య దారి ఉంది. దాని పేరు కిస్. ఆ స్థితిలో టీఎన్‌సీ దాదాపు మోడెమ్ మాత్రమే. బిట్లు దూర్చడం, తప్పులు పట్టే మొత్తం వేయడం వరకు అది చూసుకుంటుంది. అడ్రసులు, కంట్రోల్ బైట్ (ఇది ఏ రకం ప్యాకెట్టో చెప్పేది), సందేశం మీరే కట్టి ఇవ్వాలి. మీ పిల్లలకి కావలసింది సరిగ్గా ఆ భాగమే.

బోర్డు మీద ఇలా వేయండి. ముందు 192, ఇది కిస్ హద్దు. తర్వాత 0, అంటే ‘ఇది ప్రసారం చెయ్యాల్సిన డేటా’. తర్వాత ఎవరికి పంపుతున్నామో ఆ కాల్‌సైన్, ఆరు అక్షరాలు నిండకపోతే స్పేస్‌లతో నింపాలి. ఇందులో ప్రతి అక్షరం కోడ్‌ని రెండుతో గుణించాలి. పెద్ద ఏ కోడ్ 65, ప్యాకెట్‌లో 130. స్పేస్ 32, ప్యాకెట్‌లో 64. రెండుతో గుణించడమంటే బిట్లను ఒక గడి ఎడమకి జరపడమే, కుడి చివర ఒక గడి ఖాళీ అవుతుంది. అడ్రసులు ఇక్కడితో అయిపోయాయని చెప్పడానికి ఆ ఖాళీ గడిని వాడుకున్నారు. ఏడో బైట్‌లో స్టేషన్ ఉపసంఖ్య, 0 నుంచి 15 దాకా. ఆ సంఖ్యని రెండుతో గుణించి 96 కలపాలి. తర్వాత పంపేవారి కాల్‌సైన్ అదే పద్ధతిలో, కానీ దాని ఏడో బైట్‌కి ఇంకో 1 కలపాలి, అడ్రసులు అయిపోయాయని గుర్తు. ఆపైన 3, ఇదే కంట్రోల్ బైట్, తర్వాత 240, ఆ వెంట సందేశం, చివర మళ్లీ 192.

కాలిక్యులేటర్‌లో ఇది ఎంత సహజంగా ఉంటుందో చేసి చూడండి. నమ్ ఆదేశంతో అక్షరం కోడ్ తీసుకోవడం, 2తో గుణించడం, సీహెచ్‌ఆర్‌తో తిరిగి అక్షరం చేయడం, స్ట్రింగ్‌కి కలపడం. గుణకారం కనిపిస్తుంది, జరిగిన బిట్టు కనిపిస్తుంది. నేను ఒక సాయంత్రం కూర్చుని ఇలా ఒకే ఒక ప్యాకెట్ కట్టి పంపాను. రెండో టీఎన్‌సీ మీద మానిటర్ పెట్టి చూస్తే నా కాల్‌సైన్, నేను రాసిన మాట పొల్లు పోకుండా వచ్చాయి. ఎన్నో ఏళ్లు ప్యాకెట్ రేడియో నడిపాక, లోపల ఏముందో ఆ రోజే నా చేత్తో తాకినట్టయింది.

రెండు జాగ్రత్తలు. సందేశంలో ఎక్కడైనా 192 వస్తే దాని బదులు 219, 220 పంపాలి. 219 వస్తే 219, 221. రెండోది, కిస్‌లో ఎక్స్‌ఆన్, ఎక్స్‌ఆఫ్ పూర్తిగా ఆపేయండి, పారిటీ తీసేసి 8 బిట్లు పెట్టండి. ఏఎక్స్.25 కంట్రోల్ బైట్ విలువల్లోనే 17, 19 ఉన్నాయి. కాలిక్యులేటర్ వాటిని ఆగమనో, కానివ్వమనో అనుకుంటే ప్యాకెట్ మధ్యలో విరిగిపోతుంది. ఇంకొక మాట: పిల్లల చేత చేయించేటప్పుడు లైసెన్స్ ఉన్నవారు పక్కన ఉండాలి, ప్యాకెట్‌లో వారి కాల్‌సైనే పెట్టాలి. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (రేడియో శక్తిని వేడిగా మింగేసే పరికరం) తగిలించినా పక్క గదిలోని రిసీవర్‌కి చక్కగా అందుతుంది.

ప్రశ్న: టెర్మినల్‌గా వాడటం మొదలుపెట్టాక కాలిక్యులేటర్ బ్యాటరీలు త్వరగా అయిపోతున్నాయి. ఏదైనా లోపమా?

జవాబు: లోపం కాదు. సీరియల్ పోర్ట్ తెరిచి ఉన్నంతసేపూ కాలిక్యులేటర్ మామూలు కన్నా ఎక్కువ కరెంటు తాగుతుంది. పైగా మీ ప్రోగ్రామ్ చక్రం తిరుగుతూ ఉన్నంతవరకు, ఊరికే ఉంటే పది నిమిషాలకి దానంతట అదే ఆఫ్ అయ్యే సౌకర్యం పనిచేయదు. లోపలున్నవి మూడు చిన్న ట్రిపుల్-ఏ సెల్స్. ప్రోగ్రామ్‌లోంచి బయటికొచ్చే ప్రతి దారిలోనూ, తప్పు వచ్చి ఆగిపోయే దారిలో కూడా, క్లోజ్‌ఐఓ పెట్టండి. నా ప్రోగ్రామ్‌లో అది మామూలు దారిలో మాత్రమే ఉండేది. మధ్యలో ఆపేసిన రోజున పోర్ట్ తెరిచే ఉండిపోయేది. ఇప్పుడు ఒక మీటకి క్లోజ్‌ఐఓ కేటాయించుకున్నాను, సంచిలో పెట్టే ముందు దాన్ని నొక్కుతాను. సెల్స్ మార్చేటప్పుడు కాలిక్యులేటర్ ఆఫ్ చేసి, కొత్తవి చేతిలో సిద్ధంగా పెట్టుకుని, చకచకా మార్చండి. ఆలస్యమైతే మీ ప్రోగ్రామ్ కూడా మెమరీతో పాటు పోతుంది. దాని నకలు కంప్యూటర్‌లో ఒకటి ఎప్పుడూ ఉంచుకోండి. టీఎన్‌సీకి కాకుండా పీసీకి చేసిన ఆ కేబుల్ ఈ పనికి నేరుగా సరిపోతుంది.